ఎర్రనేలలో భాస్వరం: స్ఫటిక నమూనా చెప్పేదేమిటి?

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఉన్నాయి. ఎర్రనేలకు ఆ రంగునిచ్చేవి ఇనుప ఆక్సైడ్లు. వాటి స్ఫటిక ఉపరితలాన్ని కంప్యూటరులో పరమాణు స్థాయిలో నమూనా కట్టి గణించినప్పుడు, ఫాస్ఫేటు అయాను అక్కడి హైడ్రాక్సిల్ సమూహాలను తొలగించి ఇనుముతో నేరుగా బంధం ఏర్పరచుకొంటుందని తెలుస్తుంది. వెదజల్లిన సూపర్ ఫాస్ఫేటులో కొంత భాగమే వేరుశనగకు అందడానికి ఇదొక కారణం; ఎరువును విత్తనపు చాలు పక్కనే వేయమనడంలోని యుక్తి కూడా ఇదే.

అయితే సాధారణంగా నమూనాలోని స్ఫటికం లోపం లేనిది, చుట్టూ ఉన్నది స్వచ్ఛమైన నీరు. పొలంలో సేంద్రియ ఆమ్లాలు అవే స్థానాల కోసం పోటీపడతాయి. పశువుల ఎరువు మేలు కొంత ఇందులోనిదే. సున్నం అధికంగా గల నల్లరేగడి పత్తి చేలలో మాత్రం భాస్వరాన్ని పట్టి ఉంచేది ప్రధానంగా కాల్షియం. వాటికి ఇనుప ఆక్సైడు నమూనాను అన్వయించరాదు. కాల్సైట్ ఉపరితలాన్ని వేరుగా గణించవలసిందే.