తోడుకోని పాలు ఏం చెబుతున్నాయి?

పొద్దున్నే గిన్నె మీద మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి. రాత్రి వేసిన తోడు అడుగున అలాగే కూర్చుంది. ‘చలికి తోడుకోలేదేమో వదినా’ అని పక్కింటావిడ సర్దిచెబుతుంది. ‘తోడు వెయ్యడం కూడా చేతకాదు’ అని అత్తగారు సణుగుతుంది. కానీ ఆ పాలిచ్చిన గేదెకి నిన్నో మొన్నో ఇంజెక్షన్ చేశారేమో ఎవరైనా అడిగారా?

పొదుగు వాపు మన పాడి గేదెలకు కొత్త జబ్బేమీ కాదు. వానాకాలంలో పాకంతా బురదైతే గేదె అందులోనే పడుకుంటుంది. చన్నుల్లోంచి క్రిములు లోపలికి పోయి పొదుగు గట్టిపడుతుంది, పాలు గడ్డలుగా వస్తాయి. డాక్టరు పెన్సిలిన్, టెట్రాసైక్లిన్ వంటి యాంటీబయాటిక్ మందు ఇంజెక్షన్‌గా ఇస్తారు, లేదా చన్నులోకే ఎక్కిస్తారు. జబ్బు తగ్గుతుంది. ఆ మందు మాత్రం కొన్ని రోజులపాటు పాలలోకి దిగుతూనే ఉంటుంది. జబ్బు క్రిమిని చంపే మందు తోడులోని మంచి క్రిములను వదులుతుందా? అందుకే ఒక్కోసారి పెరుగు తోడుకోదు.

‘కాచి తాగితే సరి’ అనుకుంటాం. కాచినా ఈ మందులు పూర్తిగా పోవు. పెన్సిలిన్ పడనివాళ్లకు దద్దుర్లు రావచ్చు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. కొద్దికొద్దిగా మందు రుచి చూసిన క్రిములు రాటుదేలిపోతాయి. రేపు పిల్లకి జ్వరమొస్తే అదే మందు పనిచెయ్యదు.

కిలో పాలలో పెన్సిలిన్ 4 మైక్రోగ్రాములు దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణం. లెక్క వేసి చూడండి, ఒక్క గ్రాము మందు రెండున్నర లక్షల కిలోల పాలను ఆ గీత దాకా తెస్తుంది! ఒక్క ఇంటి బిందెడు పాలు ఊరందరి పాలతో కలిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఇంత కొంచెం మందును పట్టుకోవడమెలా? ఇక్కడే ఒక ముచ్చటైన సంగతి. మిణుగురు పురుగుల్లాగే వెలుగునిచ్చే సూక్ష్మజీవులున్నాయి. ఫిన్లాండులోని టుర్కు శాస్త్రవేత్తలు అలాంటి ఒక క్రిమి నుంచి వెలుగునిచ్చే గుణాన్ని తీసి ఇంకో క్రిమిలో పెట్టారు. పాలలో టెట్రాసైక్లిన్ ఉంటే చాలు, ఆ క్రిమి వెలుగుతుంది. ఆ వెలుగును ఒక యంత్రం కొలుస్తుంది. 2000లో వాళ్లు ప్రకటించిన ఈ పద్ధతిలో రెండు గంటల్లో ఫలితం తేలుతుంది. ఇంకో రకం కూడా ఉంది. సహజంగా వెలిగే క్రిములను పాలలో వేస్తే, మందు ఉన్నచోట వాటి వెలుగు మందగిస్తుంది. డెయిరీల్లో ఎక్కువగా వాడేది రంగు మారే పరీక్ష, నిమిషాల్లో తేల్చే కాగితపు పట్టీలు.

ఫుడ్ సేఫ్టీ సంస్థ దేశమంతా 6,432 పాల నమూనాలు పరీక్షించి 2019లో ఫలితాలు చెప్పింది. 77 నమూనాల్లో యాంటీబయాటిక్ హద్దు దాటింది. కొంచెమేగా అంటారా? మన బందరు తీరాన పెరిగే రొయ్యకూ ఈ మందుల బెడదే. యూరప్ వాళ్లు మన దేశపు చెరువు రొయ్యల్లో పరీక్షించే సరుకును 2016లో 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. సముద్రం దాటే రొయ్యకు అంత తనిఖీ ఉంది. మన పిల్లలు తాగే పాల సంగతి?

యంత్రం ఎంత గొప్పదైనా చివర్లో తప్పు పట్టేదే. మొదట తెలిసేది పాలు పితికే ఇల్లాలికి. దివిసీమ, గుడివాడ పల్లెల్లో కుడితి పెట్టేదీ, పేడ తీసేదీ, పొదుగు కడిగేదీ ఆమే. మందు పెట్టె మీద ఎన్నాళ్లు పాలు పొయ్యకూడదో రాసి ఉంటుంది, అదీ సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో. మందును బట్టి మూడు రోజులు కావచ్చు, అంతకు మించీ కావచ్చు. పోనీ తెలిసిందే అనుకుందాం. అన్ని రోజుల పాలు పారబోస్తే దాణా కొట్టు బాకీ ఎవరు తీరుస్తారు? దాచిపెట్టి పోసే ఇల్లాలిని తిట్టడం తేలిక. వెన్న శాతం చూసి పైసల్తో సహా లెక్కకట్టే పాల కేంద్రం, నిజం చెప్పి పాలు ఆపుకున్న మనిషికి ఆ నాలుగు రోజుల నష్టంలో సగమైనా ఇవ్వకూడదా?

అందాకా మనం చెయ్యగలిగిందొకటుంది. ఇంజెక్షన్ చేసిన తేదీ, పూట పాక గోడ మీద బొగ్గుతో రాసుకోండి. ‘ఎన్ని పూటలు పాలు ఆపాలి డాక్టరుగారూ?’ అని అడిగి, అది కూడా పక్కనే రాయండి. దూడకీ ఆ పాలు పట్టకండి. పాలు కొనుక్కునేవాళ్లు ఒకే తోడును రెండిళ్ల పాలలో వేసి పక్కపక్కనే పెట్టి చూడండి. ఒకటి తోడుకుని ఇంకొకటి తోడుకోకపోతే, మందే అని తేలిపోయినట్టు కాదు. సోడా కలిపినా ఇబ్బందే. అయినా పాలు పోసే ఆవిడను గేదె ఎలా ఉందని ఓసారి అడగండి, నిష్ఠూరంగా కాదు సుమా!