వంద కోట్ల అవతలి తాళం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా మెట్రో పిల్లర్ల పక్క కాంప్లెక్సుల్లో పైఅంతస్తులు ఎక్కి చూడండి. ఏ చిట్‌ఫండ్ ఆఫీసులోనో, మందుల హోల్‌సేల్ కౌంటర్లోనో ఇప్పటికీ ఆ పాత డాస్ ప్రోగ్రాము నీలం తెర కనిపిస్తుంది. మౌస్‌తో పనిలేదు. గుమస్తా వేళ్లు తెరకన్నా ముందే పరుగెడతాయి. తొంభైల్లో ఈ దారి పొడవునా వెలిసిన ఇన్‌స్టిట్యూట్లలో డీబేస్, ఫాక్స్‌ప్రో, క్లిప్పర్ నేర్చుకున్న తరం రాసిన ప్రోగ్రాములు అలాంటివి. మూలనున్న సర్వర్ మాత్రం నిన్నమొన్న కొన్నది. పాత ప్రోగ్రాముకీ కొత్త సర్వర్‌కీ ఎక్కడ చెడుతుందో తెలియాలంటే, ముందు ఆ ప్రోగ్రాము తాళం వేసే తీరు తెలియాలి. నన్నడిగితే, డాస్ కాలపు తెలివితేటల్లో దాన్ని మించింది లేదు.

ఈ ప్రోగ్రాములు డేటా దాచే డీబీఎఫ్ ఫైలులో దాపరికం ఉండదు. మొదటి 32 బైట్లలో తన వివరాలు చెప్పేస్తుంది: చివరిసారి మార్చిన తేదీ, రికార్డులెన్ని, ఒక్కో రికార్డు పొడవెంత. ఆ తర్వాత ఒక్కో ఫీల్డుకి 32 బైట్ల చొప్పున వర్ణన. ఇక మిగిలినవన్నీ రికార్డులే, అన్నీ ఒకే పొడవు. కాబట్టి 4,512వ రికార్డు ఎక్కడుందో వెతకక్కర్లేదు, ఒక గుణకారం చాలు. ప్రతి రికార్డుకీ ముందు ఒక బైట్ ఉంటుంది. రికార్డు కొట్టేస్తే అందులో నక్షత్రం గుర్తు పడుతుందే తప్ప రికార్డు ఎక్కడికీ పోదు. ప్యాక్ కమాండ్ కొట్టేదాకా వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఒక్కరే వాడితే ఇంతే కథ. ఇద్దరు గుమస్తాలు ఒకే మందు స్టాకుని ఒకే క్షణంలో తగ్గించబోతే? 1984లో వచ్చిన డాస్ 3.0లో దీనికో సదుపాయం వచ్చింది: ఫైల్లో ఫలానా బైట్ నుంచి ఇన్ని బైట్లు నావి అని ప్రోగ్రాము తాళం వేసుకోవచ్చు. చిక్కేమిటంటే, తాళం పడిన బైట్లను పక్కవాడు మార్చలేకపోవడమే కాదు, చదవనూ లేడు. ఒకరు బిల్లు కొడుతుంటే ఇంకొకరికి స్టాకెంతో కూడా కనిపించదు.

క్లిప్పర్ దీనికి కనిపెట్టిన ఉపాయం చూడండి. రికార్డు మీద తాళమే వేయదు. రికార్డు నంబరుకి వంద కోట్లు కలిపి, ఆ స్థానంలోని ఒక్క బైట్‌కి వేస్తుంది. 4,512వ రికార్డుకైతే 100,00,04,512వ స్థానంలో. ఇది క్లాసులో చెప్పినప్పుడు ఒక అబ్బాయి వెంటనే అడిగాడు: "సార్, ఫైలే రెండు ఎంబీ. వంద కోట్లవ బైట్ ఎక్కడిది?" ఎక్కడా లేదు, అందులోనే ఉంది గొప్పతనమంతా. ఫైలు అక్కడిదాకా ఉండాలని డాస్ పట్టుబట్టదు. ఆ స్థానం ఇప్పటికే ఎవరైనా అడిగారా అని మాత్రమే చూస్తుంది. ఆర్టీసీ బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసినట్టన్నమాట: మనిషి ఇంకా ఎక్కలేదు, కానీ ఆ సీటు జోలికి ఎవరూ రారు. అసలు డేటాని అందరూ చదువుకుంటూనే ఉంటారు, మార్చేది మాత్రం ఒక్కరే. మొత్తం ఫైలు కావాలంటే వంద కోట్ల నుంచి ఇంకో వంద కోట్ల బైట్లకి ఒకేసారి తాళం. అప్పటికే ఎవరి చేతిలోనైనా ఒక్క రికార్డున్నా, ఆ తాళం పడదు. ఇంత శుభ్రమైన ఒప్పందం!

మిగతా చరిత్ర క్లుప్తంగా చెప్పేస్తాను. నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌లో పనిచేసిన వేన్ రాట్లిఫ్ రాసిన వల్కన్ అనే ప్రోగ్రాము ఆష్టన్-టేట్ కంపెనీ చేతిలో డీబేస్ 2 అయింది (డీబేస్ 1 అనేదే లేదు). దాన్ని పోలినదే, ఇంకా వేగమైనది, ఫాక్స్ కంపెనీ తెచ్చింది. ఆష్టన్-టేట్ 1988లో కోర్టుకెక్కింది. 1990లో జడ్జి ఆ కంపెనీ కాపీరైటే చెల్లదన్నాడు, మరుసటి ఏడు తన తీర్పుని తనే వెనక్కి తీసుకున్నాడు. అప్పటికి ఆష్టన్-టేట్ పని అయిపోవచ్చింది, బోర్లాండ్ కొనేసింది. 1992లో ఫాక్స్ మైక్రోసాఫ్ట్‌లో కలిసింది, క్లిప్పర్ కంప్యూటర్ అసోసియేట్స్‌కి వెళ్లింది.

ఇక కొత్త సర్వర్ సంగతి. పాత ఒప్పందమంతా ఒక్క నమ్మకం మీద నడుస్తుంది: నేను రాసింది వెంటనే సర్వర్ డిస్కుకి చేరుతుంది, నేను చదివేది అక్కడ ఇప్పుడున్నదే. విండోస్ నెట్‌వర్క్ వేగం కోసం ఆ నమ్మకాన్ని సడలించింది. ఫైలు ఒక్కరే తెరిచి ఉంటే, నువ్వు నీ దగ్గరే కాపీ పెట్టుకో, తర్వాత పంపుదువులే అని సర్వర్ అనుమతిస్తుంది. దాన్ని ఆప్‌లాక్ అంటారు. రెండోవాడు తెరవగానే, నీ దగ్గరున్నదంతా పంపు అని మొదటివాడికి కబురు వెళుతుంది. ఆ క్షణంలో కరెంటు పోయినా, కేబుల్ వదులైనా, కొంత చేరుతుంది, కొంత చేరదు. ముందు దెబ్బతినేది, పేర్లు త్వరగా వెతికిపెట్టే ఇండెక్స్. ఒక్క పేరు కొత్తగా చేరితే ఇండెక్స్ ఫైల్లో ఒక్కోసారి మూడు నాలుగు చోట్ల మారాలి, అందులో సగమే మారితే వెతికిన పేరు దొరకదు. రోజూ పొద్దున్నే రీఇండెక్స్ కొట్టే ఆఫీసుల బాధ చాలావరకు ఇదే. విస్టాతో వచ్చిన ఎస్ఎంబీ 2 అనే ఫైల్ షేరింగ్ పద్ధతి ఇంకొకటి చేర్చింది: ఫైలు సైజు వంటి వివరాలని మామూలుగా పది సెకన్లు గుర్తుపెట్టుకుంటుంది. పక్క కౌంటర్లో కొత్త రికార్డు చేరినా, ఈ సిస్టమ్ ఇంకా పాత సైజే అనుకుంటుంది.

అందుకని ఫైళ్లు లైనక్స్ మీది సాంబా సర్వర్‌లో ఉంటే, డీబీఎఫ్, ఎన్‌టీఎక్స్ (క్లిప్పర్ ఇండెక్స్) ఫైళ్లకి ఆప్‌లాక్ ఇవ్వొద్దని సెట్టింగుల్లో ఒక్క లైను రాస్తే చాలు. కొత్త విండోస్ సర్వర్లలో ఆ ఒక్క షేర్‌కే లీజింగ్ (ఆప్‌లాక్ కొత్త రూపం) ఆపేయొచ్చు. గుమస్తాల సిస్టమ్స్‌లో ఆ పది సెకన్లని సున్నా చేయాలి. 64 బిట్ విండోస్ డాస్ ప్రోగ్రాముల్ని నడపదు కాబట్టి ఎమ్యులేటర్ తప్పదు. అయితే మామూలు డాస్‌బాక్స్ ఆటల కోసం పుట్టింది, దానికి మన తాళం భాష రాదు. వీడాస్, డాస్‌బాక్స్-ఎక్స్ లాంటివాటికి వచ్చు.

నాకు నచ్చేది మాత్రం రిమోట్ డెస్క్‌టాప్. ప్రోగ్రామూ ఫైళ్లూ దిల్‌సుఖ్‌నగర్ సర్వర్‌లోనే ఉంటాయి. ఎల్.బి.నగర్ బ్రాంచిలో నొక్కిన కీలు అక్కడికి వెళతాయి, తెర బొమ్మ ఇక్కడికి వస్తుంది. తాళాలన్నీ ఒకే మెషీన్‌లో పడతాయి. బిల్లు మధ్యలో లైను తెగినా సెషన్ సర్వర్ మీద అలాగే ఉంటుంది. సోర్సుకోడ్ దాచుకున్నవాళ్లకైతే హార్బర్ ఉంది, ఉచితం, క్లిప్పర్ కోడ్‌ని 64 బిట్‌కి కంపైల్ చేస్తుంది. దానికీ ఆ వంద కోట్ల లెక్క తెలుసు. కాబట్టి పాతదాన్నీ కొత్తదాన్నీ అవే ఫైళ్ల మీద పక్కపక్కన నడుపుతూ ఒక్కో కౌంటర్నీ మార్చుకుంటూ పోవచ్చు.