దాచుకునే కారా, తోలుకునే కారా?

ఎడిటర్ గారు అడిగింది సూటి ప్రశ్న: చేతిలో డబ్బున్న మనిషి పాత స్పోర్ట్స్ కారు కొనాలా, కొత్తది కొనాలా? గురువారం సాయంత్రానికి కథనం కావాలన్నారు. గుడియాత్తంలో లుంగీల వ్యాపారం చేసే మా బావ సరిగ్గా ఈ మీమాంసలోనే ఉన్నాడు కాబట్టి నేను వేరే ఊరు వెతుక్కునే పని లేకపోయింది. తన ముందున్నవి రెండు ఎంజీలు. ఒకటి 1960ల మధ్యలో ఇంగ్లండులో తయారై, ఎప్పుడో మన దేశం చేరి, ఇప్పుడు బెంగళూరులో అమ్మకానికి ఉన్న ఎంజీబీ. రెండు సీట్లు, గుడ్డ టాపు, 1,798 సీసీ పెట్రోలు ఇంజను. రెండోది అదే పేరుతో 2025 జూలైలో మన మార్కెట్లోకి వచ్చిన సైబర్‌స్టర్. దానికీ రెండు సీట్లే, దాని టాపూ తీసేయొచ్చు. కాకపోతే బ్యాటరీ బండి.

వేగాలూ హార్స్‌పవర్లూ పక్కపక్కన పెట్టి రాయడం తేలిక. కానీ బావతో కలిసి కాగితాలు తిరగేస్తుంటే ఒక గెజెట్ నోటిఫికేషన్ నన్ను అక్కడే ఆపేసింది. పాత కారు భవిష్యత్తు దాని ఇంజనులో కంటే ఈ కాగితంలోనే ఎక్కువ ఉంది. అందుకే ఎక్కువ చోటు దీనికే.

2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ మోటారు వాహనాల నిబంధనలను సవరించి, ‘వింటేజ్’ బండి అంటే ఏమిటో దేశమంతటికీ ఒకే నిర్వచనం ఇచ్చింది. బండికి 50 ఏళ్లు దాటాలి. అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్‌లోగానీ బాడీలోగానీ ఇంజనులోగానీ పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. యజమాని ఫారం 20 నింపి ఇన్సూరెన్సు పాలసీ, పాత ఆర్సీ జతచేయాలి. విదేశం నుంచి తెప్పించిన బండయితే కస్టమ్స్ వాళ్ల బిల్ ఆఫ్ ఎంట్రీ కావాలి. కొత్తగా రిజిస్టరు చేయిస్తే 20,000 రూపాయలు, రీ-రిజిస్ట్రేషన్‌కు 5,000. కొత్త నంబరయితే రాష్ట్రం కోడు తర్వాత ‘వీఏ’ అన్న అక్షరాలు వస్తాయి. మన దేశంలో ఇదివరకే రిజిస్టరై ఉంటే పాత నంబరే ఉంచుకోవచ్చు.

ఇంతవరకూ అంతా బాగుందనిపించింది మాకు. అసలు షరతు ఆ తర్వాత ఉంది. వింటేజ్‌గా నమోదైన బండిని రోజువారీ పనులకు, వ్యాపారానికి రోడ్డెక్కించకూడదు. ప్రదర్శన, వింటేజ్ ర్యాలీ, సాంకేతిక పరిశోధన, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతు, ఇలాంటి వాటికే బయటికి తీయాలి. గుడియాత్తం నుంచి పళ్లికొండ మీదుగా రాయవేలూరుకు పెళ్లికి పోయి రావడం ఆ జాబితాలో లేదు. ఆదివారం పొద్దున్నే పలమనేరు ఘాటెక్కి రావడమూ లేదు.

మరి మామూలు ఆర్సీతోనే ఉంచుకుంటే? సొంత బండికి 15 ఏళ్లు నిండాక, ఐదేళ్లకోసారి బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించి రెన్యూవల్ చేయించాలి. 2022 ఏప్రిల్‌లో ఈ రుసుము కారుకు 600 నుంచి 5,000 అయింది, విదేశీ కారుకు 40,000 అయింది. 2025 ఆగస్టులో, 20 ఏళ్లు దాటిన వాటికి దాన్ని మళ్లీ రెట్టింపు చేశారు. మామూలు కారుకు 10,000, విదేశీ కారుకు 80,000. దీనిపైన తమిళనాడు గ్రీన్ ట్యాక్స్ వేరే. అంటే ఎంజీబీని నచ్చిన రోజున నచ్చిన దారిలో తోలాలంటే బావ ఐదేళ్లకోసారి 80,000 కట్టాలి. తోలడం వదులుకుంటే వింటేజ్ రీ-రిజిస్ట్రేషన్‌కు 5,000 చాలు. ఇంత తేడా పెడితే ఎవరి మనసైనా చవకదాని వైపే లాగుతుంది. పొగ తగ్గాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. కానీ ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగని బండి నుంచి ఎంత పొగ వస్తుంది? రోడ్డు కోసం పుట్టిన కారుకు రోడ్డే దూరం కావడం నాకు బాధగా ఉంది.

ఇంజను మార్చకూడదన్న షరతు మన ప్రాంతానికి మరీ గట్టిగా తగులుతుంది. ఎంజీబీలో ఉన్నది బీఎంసీ బి-సిరీస్ ఇంజను. ఆ కుటుంబంలోదే 1,489 సీసీ ఇంజను 1959లో మన అంబాసిడర్‌లోకి వచ్చింది. 1955లో పుట్టిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ మొదట ఉన్నది ఆ 1,489 సీసీదే. రెండు ఎస్‌యూ కార్బురేటర్లు పెట్టి దాని బలం పెంచారు. కాట్పాడి, గుడియాత్తం షెడ్లలో ఏళ్ల తరబడి అంబాసిడర్లకు ట్యాపెట్ సెట్టింగ్ చేసిన మెకానిక్కులకు ఎంజీ బానెట్ ఎత్తితే కనిపించేది తెలిసిన ఇంజనే. ఇంగ్లండు కారుకు ఇక్కడ వైద్యం దొరకదన్న భయం అందుకే అనవసరం. అయితే ఇంజను చెడితే అంబాసిడర్‌దో, ఏ డీజిల్ ఇంజనో ఎక్కించి బండిని నడిపించుకోవడం ఒకప్పుడు మామూలు. ఆ పనితనమే ఎన్నో పాత బండ్లను పాత ఇనుము కొట్టుకు పోకుండా కాపాడింది. ఇప్పుడు ఆ మార్పే వింటేజ్ హోదాకు అడ్డు.

పాత బండి కష్టాలు పాత బండికి ఉన్నాయి. 1967 వరకూ వచ్చిన ఎంజీబీల్లో బ్యాటరీ పాజిటివ్ ఎర్త్. తెలియక అటుదిటు బిగిస్తే వైరింగు, డైనమో ప్రమాదంలో పడతాయి. సీసం కలిసిన పెట్రోలుకు తగ్గట్టు చేసిన వాల్వ్ సీట్లవి. మన దేశంలో ఆ పెట్రోలు 2000లోనే పోయింది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసినది. పాత రబ్బరు గొట్టాలు, కార్బురేటర్ సీళ్లు దానికి మెత్తబడి పగులుతాయి. కొన్న వెంటనే ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేయించాలి, గట్టిపడ్డ వాల్వ్ సీట్లు పెట్టించాలి, అగ్నినక్షత్రం ఎండలు రాకముందే రేడియేటర్ విప్పి కడిగించాలి. విడిభాగాలకు మాత్రం లోటు లేదు. 5 లక్షలకు పైగా తయారైన కారిది. బాడీ మొత్తాన్నీ ఇంగ్లండులో ఈనాటికీ కొత్తగా అచ్చు పోస్తున్నారు.

ఇక సైబర్‌స్టర్. విడుదలప్పటి ధర దాదాపు 75 లక్షలు. 77 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, 510 పీఎస్ బలం, 3.2 సెకన్లలో గంటకు 100 కిలోమీటర్ల వేగం. మద్రాసు పోయి ఛార్జింగ్ వెతుక్కోకుండా తిరిగి రావచ్చు. కత్తెరలా పైకి లేచే తలుపులు చూడటానికి ఎంతో బాగుంటాయి. బరువు మాత్రం దాదాపు రెండు టన్నులు; ఎంజీబీ టన్నుకు లోపే. స్పోర్ట్స్ కారంటే నాకు మొదట గుర్తొచ్చేది తేలిక. ఘాట్ రోడ్డు మలుపులో స్టీరింగుకు తెలిసేది బరువే, సెకన్ల లెక్క కాదు. పైగా దీని ప్రాణమంతా బ్యాటరీలో, సాఫ్ట్‌వేర్‌లో ఉంది. 2060లో దీన్ని విప్పి బిగించే షెడ్డు గుడియాత్తంలో ఉంటుందని నాకు నమ్మకం లేదు.

చరిత్ర క్లుప్తంగా: 1920లలో ఆక్స్‌ఫర్డ్‌లోని మోరిస్ గ్యారేజెస్‌లో పుట్టిన పేరు ఎంజీ. ఎంజీబీ 1962లో మొదలై 1980లో ఆగింది. స్వాతంత్ర్యం తర్వాత దిగుమతుల మీద ఆంక్షల వల్ల మన దేశంలో ఇలాంటి కార్లు అరుదు. తర్వాత పేరు చైనా కంపెనీ శాయిక్ చేతికి వెళ్లింది. 2019లో హెక్టర్‌తో, గుజరాత్‌లోని హలోల్ ఫ్యాక్టరీతో మన దగ్గరికి వచ్చింది.

పక్క బాక్సు: ఇరుగుపొరుగు

రాయవేలూరుకు పొరుగున రాణిపేట జిల్లా పనపాక్కంలో 2024 సెప్టెంబరులో టాటా మోటార్స్ 9,000 కోట్ల రూపాయల ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది, జాగ్వార్ ల్యాండ్ రోవర్ కార్ల కోసం. 1961లో ఈ-టైప్ తెచ్చిన జాగ్వార్, తన పెట్రోలు స్పోర్ట్స్ కారు ఎఫ్-టైప్‌ను 2024లో ఆపేసింది.

పాత కార్లను కళ్లారా చూడాలంటే కోయంబత్తూరులోని జీడీ కార్ మ్యూజియానికి వెళ్లండి. తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు (1893–1974) పేరుతో నడిచే సంస్థ అది. మద్రాసు పక్కన షోళవరంలో, యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద దశాబ్దాల పాటు కార్ల పందేలు జరిగాయి.

మళ్లీ బావ సంగతి. నా సలహా: ఎంజీబీనే కొను. 80,000 కట్టి మామూలు ఆర్సీ మీదే నడుపు, వింటేజ్ దరఖాస్తు పెట్టకు. పెట్టుబడిగా కొంటే మాత్రం వద్దు. అమ్ముకోవడానికి దాచేవాడి కంటే తోలేవాడికే ఆ కారు దక్కాలి. ముందు పాత ఆర్సీ పుస్తకంలోని వివరాలు వాహన్ డేటాబేస్‌లో ఎక్కాయో లేదో చూడాలి. ఎక్కకపోతే బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించే బాధ్యత అమ్మేవాడిదే. కర్ణాటక నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, ఇక్కడ తమిళనాడు ట్యాక్స్. ఇన్సూరెన్సు విలువ ఎంతో కంపెనీతో మాట్లాడుకుని పాలసీలో రాయించుకోవాలి.

ఛాసిస్ నంబరు పలకనూ, ఇంజను మీది నంబరునూ శుభ్రంగా తుడిచి ఫొటోలు పంపమని బావ బెంగళూరుకు కబురు పెట్టాడు. రెండూ ఆర్సీతో కలిస్తే అడ్వాన్సు ఇస్తాడు. కలవకపోతే ఆ బండి వదిలేసి ఇంకో ఎంజీబీ వెతుకుతాడట.