సేవాకేంద్రంలో సొంత ఫోను

పెనుగొండలో ఒక అంగన్‌వాడీ కేంద్రాన్ని ఊహించుకొందాం. ఉదయం పది గంటలయినది. ఆయా పొయ్యి దగ్గర ఉన్నది. కార్యకర్త రెండేళ్లు నిండిన ఒక పాపను తూకపు యంత్రం మీద నిలబెట్టి, బరువును ఫోనులో నమోదు చేయబోతున్నది. ఇంతలో ఆ ఫోనే మోగినది. ఇంటినుంచి పిలుపు. మాట్లాడడం ముగించి ఆమె 8.9 కిలోలకు బదులు 9.8 అని నమోదు చేసినది.

రెండంకెలు తారుమారైనవి, అంతే గదా అనిపించవచ్చును. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన పెరుగుదల ప్రమాణాల ప్రకారం, రెండేళ్ల ఆడపిల్ల 9 కిలోలకంటె తక్కువ తూగితే ఆమెను బరువు తక్కువైన బిడ్డగా లెక్కిస్తారు. ఆ ఒక్క పొరపాటుతో మన పాప లెక్కలలో ఆరోగ్యవంతురాలైపోయినది! ఆమెకు అందవలసిన ప్రత్యేక శ్రద్ధ అందదు.

ఇది కల్పించిన ఉదాహరణే. అయినా బిడ్డలను, వృద్ధులను, రోగులను కనిపెట్టి చూసే ప్రతి చోటా ఈ ప్రశ్న నేడు ఎదురవుతున్నది: ఉద్యోగి సొంత ఫోనుకు అక్కడ ఎంత చోటు ఇవ్వవలెను?

ఫోను పనిముట్టయిన విధం

మన దేశంలో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న 33 ప్రాంతాలలో మొదలయినది. చాలా కాలం లెక్కలన్నీ రిజిస్టర్లలోనే ఉండేవి. 2018లో పోషణ్ అభియాన్ ప్రారంభమయిన తరువాత ఫోను రంగంలోకి వచ్చినది. 2021 మార్చి నుంచి పోషణ్ ట్రాకర్ అనే యాప్‌లో పిల్లల బరువు, ఎత్తు, హాజరు నమోదవుతున్నవి. ఇంటికి ఇచ్చే పౌష్టికాహారం తీసుకొనేవారి ముఖాన్ని ఫోను ద్వారా గుర్తించడం 2025 జులై నుంచి తప్పనిసరి అయినది.

కాబట్టి ఫోనును గుమ్మం బయట వదలి రమ్మనడం సాధ్యం కాదు. పనికోసం ప్రభుత్వాలు ఫోన్లు పంచినవి. అవి చెడిపోతే ఏమగును? 2021 ఆగస్టులో మహారాష్ట్ర కార్యకర్తలు పనిచేయని ఫోన్లను ప్రభుత్వానికే తిరిగి ఇచ్చివేశారు. ఇట్టి ఇబ్బందిలో చాలామంది చేసే పని సొంత ఫోనును వాడుకోవడం. అప్పుడు ఆమె బ్యాంకు లెక్క, ఇంటి ఫొటోలు, ఆమె పిల్లల ఆటలు, ఊరి బిడ్డల వివరాలు అన్నీ ఒకే సంచిలో పడతవి. చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

ఒక ఫొటోలో ఎంత ఉన్నది?

ఫొటోలో కనబడేది బొమ్మ మాత్రమే. కనబడకుండ దాని వెంట తీసిన తేదీ, సమయం, ఫోను రకం నమోదయి ఉంటవి. అనుమతి ఇచ్చి ఉంటే తీసిన చోటు కూడ నమోదవుతుంది. ఫోను కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలను అందుకొని, అవి తనను చేరడానికి పట్టిన కాలాన్నిబట్టి తానున్న చోటును లెక్కకడుతుంది.

పెనుగొండ సుమారు 16.65 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 81.73 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. ఒక డిగ్రీ అక్షాంశం దాదాపు 111 కిలోమీటర్లు. దశాంశ బిందువు తరువాత రెండంకెలుంటే సుమారు ఒక కిలోమీటరు మేరకు చోటు తెలుస్తుంది. అనగా ఊరు తెలుస్తుంది. అయిదంకెలుంటే ఒక మీటరు మేరకు చెప్పినట్లే. ఆరుబయట ఫోను సాధారణంగా అయిదు మీటర్ల లోపు తేడాతో చోటును పట్టుకోగలదు. ఇంటి గుమ్మం తెలియడానికి అది చాలును గదా!

ఆ ఫొటోను ముప్పదిమంది ఉన్న బృందానికి పంపితే ముప్పది ఫోన్లలో ప్రతులు ఏర్పడవచ్చును. కొన్ని ఫోన్లు వాటిని తమంతట తామే దూరాన ఉన్న సర్వరులో దాచుకొంటవి. పంపిన ఆమె తన ఫోనులో చెరిపివేసినా తక్కిన ప్రతులు చెరగవు. గోదావరి కాలువకు తూము ఉంటే నీటిని కావలసినంతే వదలవచ్చును. గండి పడిన తరువాత చేలలో పారిన నీటిని కాలువలోకి తిరిగి తేలేము.

చట్టం, అనుభవం

2009లో ఇంగ్లండులోని ప్లిమత్ నగరంలో ఒక శిశుసంరక్షణ కేంద్రపు ఉద్యోగిని పసిపిల్లలపై నేరానికి పాల్పడి, ఫోనుతో వారి చిత్రాలు తీసినట్లు బయటపడినది. ఫోన్లు, కెమెరాల వాడకాన్ని గురించి ప్రతి శిశుకేంద్రానికీ ఒక విధానం ఉండవలెనని అక్కడి నిబంధనలలో 2012లో చేర్చారు.

మన దేశంలో గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. సంరక్షణ అవసరమైన బాలల గుర్తింపును పత్రికలలోగాని, ఇతర ప్రసార సాధనాలలోగాని బయటపెట్టడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం నిషేధించినది. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చినది. దాని నియమాలు 2025 నవంబరులో ప్రకటితమై దశలవారీగా అమలులోకి వచ్చే ఏర్పాటు జరిగినది.

చేయదగిన పనులు

మొదటిది: పనికి పనిచేసే ఫోనును సంస్థయే ఇవ్వవలెను. అది కుదరనిచోట సొంత ఫోనులో పని యాప్‌లకు వేరు విభాగం ఏర్పరచుకోవచ్చును. అందుకయ్యే ఖర్చు ఉద్యోగి మీద పడరాదు.

రెండవది: తూచేటప్పుడు, తినిపించేటప్పుడు, వృద్ధులకు మందు ఇచ్చేటప్పుడు సొంత ఫోను బీరువాలో ఉండవలెను. ఉద్యోగికీ ఇల్లున్నది, ఇంట్లో ఆపద వస్తే తెలపడానికి కేంద్రపు నంబరు ఒకటి వారి వద్ద ఉండవలెను.

మూడవది: ఫొటో పనికి అవసరమైతేనే, తల్లిదండ్రుల అనుమతితోనే, పని యాప్‌లోనే తీయవలెను. స్నానం చేయించేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు ఎవరూ ఎన్నడూ తీయరాదు.

నాలుగవది: పని ఫోనును ఇంట్లో పిల్లలకు ఆటకు ఇవ్వరాదు, దానికి తాళం ఉండవలెను. అది పోతే వెంటనే చెప్పే ధైర్యం ఉద్యోగికి ఉండవలెను. శిక్షకు జడిసి మూడు రోజులు దాచిన సంగతి, చెప్పిన తప్పుకంటె ఎక్కువ నష్టం చేస్తుంది.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగం చేయించవచ్చును. బడి ఆవరణలోని ఒక చెట్టును ఫొటో తీసి, దాని వివరాలు తెరచి, అక్షాంశపు అంకెలను విద్యార్థులచేత చదివించండి. ఒక్కొక్క దశాంశ స్థానం తొలగించినప్పుడల్లా చోటు ఎంత మసకబారునో లెక్క వేయించండి. ఆ తరువాత ఒక ప్రశ్న అడగండి: చెట్టుకు బదులు ఆ ఫొటోలో మీ చెల్లెలు ఉంటే, ఎన్ని అంకెలు ఇతరులకు తెలియనిస్తారు?

ఫోను ఉద్యోగిదే కావచ్చును. అందులోని బిడ్డ ముఖం మాత్రం ఆ బిడ్డది.