పుట్టలను త్రవ్వు భల్లూకము

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల ఆకురాల్చు అడవులలోను, ఒకనాడు నిజాము వేటస్థలమై నేడు అభయారణ్యముగా నున్న పోచారము వనభూములలోను, రాతిగుట్టల సందున పగలెల్ల పడుకొని, మునిచీకటి పడగానే పుట్టలు వెదకుచు బయలుదేరు జంతువును మనవారు ఎలుగుగొడ్డనియు గుడ్డెలుగనియు పిలుతురు. ఇది ఎలుగా, మరియొకటా యన్న సందేహము ఈ పల్లెలలో నెవరికిని కలిగినట్లు లేదు. ఆ సందేహము కలిగినది పండితులకే. 1791లో ఆంగ్లశాస్త్రజ్ఞుడు జార్జి షా, దీని పొడవైన వంకరగోళ్ళను, పైదవడ నడుమ రెండు పండ్లు లేకుండుటను చూచి, అమెరికా అడవులలో కొమ్మలకు తలక్రిందుగా వ్రేలాడు స్లాత్ అను మందగామి జంతువునకు దీనిని జ్ఞాతిగా నెంచి, 'బ్రాడిపస్ ఉర్సినస్' అని పేరు పెట్టెను. రెండేండ్లకే మేయర్ అను శాస్త్రజ్ఞుడు దానిని 'మెలర్సస్' అను వేరు ప్రజాతిగా నిలిపినను, ఇంగ్లీషువారి నోట అది నేటికిని 'స్లాత్ బేర్' గానే మిగిలినది.

షా చూచిన గురుతులు నిజమైనవే. అవి వంశమునకు గాక వృత్తికి సంబంధించినవి. గట్టిపడిన పుట్టను గోళ్ళతో పెల్లగించి, మూతిని లోనికి దూర్చి, మొదట గట్టిగా ఊది దుమ్మును చెదరగొట్టి, పిమ్మట నాసారంధ్రములను మూసికొని, పెదవులను గొట్టమువలె ముందునకు సాచి, ఆ లేని పండ్ల సందుననే ఈ జంతువు చెదలను లోనికి పీల్చుకొనును. ఆ పీల్పు చప్పుడు చాల దూరము వినవచ్చును. తక్కిన ఎలుగులకు సాధారణముగా నలువదిరెండు పండ్లుండగా దీనికి నలువదియే.

ఆహారమునుబట్టి వంశమును నిర్ణయింపబూనినచో ఎట్టి చిక్కు వచ్చునో పాండా చరిత్ర మరింత స్పష్టముగా చూపును. 1869లో ఫ్రెంచి మతాచార్యుడు ఆర్మాండ్ డేవిడ్ చైనానుండి దానిని లోకమునకు తెలిపిన నాటినుండి, వెదురు తిను ఆ జంతువు ఎలుగో, రకూను బంధువో తేలక పండితులు శతాబ్దమునకు పైగా వాదులాడిరి. 1985లో స్టీఫెన్ ఒబ్రయన్ బృందము అణుపరీక్షలతో దానిని ఎలుగుల వంశముననే చేర్చెను. పాండా పేరే గల ఎఱ్ఱపాండా మాత్రము వేరు కుటుంబమునకు పోయినది. నేడు ఉర్సిడే అను ఎలుగుల కుటుంబమున ఎనిమిది జాతులు. పాండాకొక ఉపకుటుంబము, దక్షిణ అమెరికా కళ్ళజోడు ఎలుగున కొకటి. మన ఎలుగు, హిమాలయపు నల్లయెలుగు, ధ్రువపు తెల్లయెలుగు మొదలగు తక్కిన ఆరును మూడవదానిలోనివి. అన్నియు మాంసభక్షక గణమువే యైనను, ఆ పేరునకు నిజముగా తగినది తెల్లయెలుగొక్కటే!

మనది ఇప్పపూవు, తునికిపండు, నేరేడు దొరకు దినములలో చెదలను కొంత మరచును. పిల్లలను వీపుపై నెక్కించుకొని తిరుగుట తక్కిన ఎలుగులలో ఇట్లు అలవాటుగా కానరాదు. తల్లి భుజములమీది దట్టమైన జూలే వానికి పట్టు. పులి యెదురైనను పెద్ద ఎలుగు చెట్టెక్కి తప్పించుకొన చూడదు, నిలిచి కలియబడును. హఠాత్తుగా దగ్గర పడిన మనుష్యునియెడలను దాని తీరు ఇదియే. కావున వేసవిలో తునికాకు కోయ తెల్లవారుజామున అడవికి పోవువారు ఒంటరిగా గాక, గుంపుగా, బిగ్గరగా మాటలాడుకొనుచు పోవుట మేలు. మనిషి అలికిడి ముందుగా వినబడినచో అది చాలవరకు తానే తొలగిపోవును.