వైఫై కనెక్ట్ అయినా నెట్ రావట్లేదా? మ్యాక్‌లో ముందు ఈ నంబర్ చూడండి

మ్యాక్‌బుక్‌లో వైఫై కనెక్టెడ్ అనే చూపిస్తుంది, కానీ ఒక్క పేజీ కూడా ఓపెన్ కాదు. పది నిమిషాల్లో ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంటే ఇక కంగారే! చాలామంది వెంటనే రౌటర్ రీసెట్ బటన్ నొక్కేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. సెట్టింగ్స్ చెరిగిపోతే ఇంట్లో అందరికీ నెట్ ఆగిపోతుంది. నేనైతే ముందు ఐపీ అడ్రస్ చూస్తాను.

సిస్టమ్ సెట్టింగ్స్‌లో వైఫైకి వెళ్లి, మీ నెట్‌వర్క్ పక్కనున్న డీటెయిల్స్‌లో టీసీపీ/ఐపీ ఓపెన్ చేయండి.

169.254తో మొదలైతే: అది రౌటర్ ఇచ్చిన అడ్రస్ కాదు. మామూలుగా రౌటర్‌లోని డీహెచ్‌సీపీ మన మ్యాక్‌కి అడ్రస్ ఇస్తుంది. అక్కడి నుంచి జవాబు రాకపోతే మ్యాక్ తనంతట తానే ఈ నంబర్ పెట్టుకుంటుంది. దీంతో నెట్ రాదు. అక్కడే ఉన్న 'రెన్యూ డీహెచ్‌సీపీ లీజ్' నొక్కండి. అయినా మారకపోతే రౌటర్‌ని ఆఫ్ చేసి ఆన్ చేయండి.

192.168తో మొదలైతే: 'కాన్ఫిగర్ ఐపీవీ4' దగ్గర 'యూజింగ్ డీహెచ్‌సీపీ' ఉందో లేదో చూడండి. 'మాన్యువల్' అని ఉంటే ఎప్పుడో ఆఫీసులోనో హాస్టల్‌లోనో పెట్టిన పాత అడ్రస్ కావచ్చు, మార్చేయండి. అదీ సరిగ్గానే ఉంటే టెర్మినల్‌లో 8.8.8.8కి పింగ్ చేయండి. జవాబు వస్తున్నా సైట్లు తెరుచుకోకపోతే డీఎన్‌ఎస్ సెట్టింగ్‌ని అనుమానించాలి. జవాబే రాకపోతే రౌటర్ అవతలి లైన్ గురించి ప్రొవైడర్‌ని అడగండి.

రెండు నిమిషాల్లో తేలకపోతే ఫోన్ హాట్‌స్పాట్‌తో ఇంటర్వ్యూకి వెళ్లిపోండి. రిపేరు తర్వాత చూసుకోవచ్చు.