ఆర్ద్ర ఆరిపోయేనాడు

పుష్యమాసంలో నూజివీడు తోటలు పూతకు వచ్చే వేళ, పొద్దుగూకాక తూర్పున ఎర్రగా మెరిసే చుక్కను చూశారా? అదే మన ఆర్ద్ర. పాశ్చాత్యులు బెటెల్‌జూస్ అంటారు. సూర్యుడు దాని చెంతకు చేరే జూన్ నెలాఖరున ఆర్ద్ర కార్తె వస్తుంది. వానలు ముదురుతాయి, రసాల కాలం ముగింపుకు వస్తుంది. ఆర్ద్ర అంటే తడి. చుక్క మాత్రం నిప్పుముద్ద!

అదిప్పుడు అవసాన దశలో ఉంది. వయస్సా, ఇంచుమించు కోటి ఏళ్ళే. మన సూర్యుడికి 460 కోట్లు! కాని ఆర్ద్ర బరువు సూర్యుడికి సుమారు పదిహేనింతలు. వత్తి లావైన దీపానికి చమురు ఎంతసేపు నిలుస్తుంది?

2019 చివర అది మసకబారింది. 2020 ఫిబ్రవరికి వెలుగు ఇంచుమించు మూడో వంతుకు పడిపోయింది. పేలుతుందేమోనని శాస్త్రజ్ఞులు కళ్ళప్పగించి చూశారు. తీరా అది కక్కిన ధూళే దానికి అడ్డమొచ్చిందని తేల్చారు! పేలడం మాత్రం తప్పదు. లక్ష ఏళ్ళ లోపల కావచ్చునంటారు. ఆనాడది అర్ధచంద్రుడంత వెలుగుతో కొన్ని నెలలు పట్టపగలు కూడా కనబడుతుంది. దాని వెలుగు మనను చేరడానికి అయిదు వందల ఏళ్ళు పైమాటే గనుక, ఈసరికే పేలిపోయి ఉన్నా మనకు తెలియదు సుమా!

సూర్యుడు మరో 500 కోట్ల ఏళ్ళకు ఉబ్బి, ఎర్రబడి, చివరకు భూమి అంత తెల్లని కణికగా మిగులుతాడు. పొదుపుగా మండే చిన్న ఎర్ర చుక్కలు లక్షల కోట్ల ఏళ్ళు నెట్టుకొస్తాయి. కోటి కోట్ల ఏళ్ళనాటికి అవీ కొడిగడతాయి. పోనీ, పాలపుంతకు ఆవల వెలుగులున్నాయి గదా అనుకుందామా? విశ్వం నానాటికీ వేగం పుంజుకుని విస్తరిస్తున్నదని 1998లో తేలింది. దూరపు నక్షత్రవీధులన్నీ అంతకు ఎంతో ముందే కనుమరుగైపోతాయి.